రాత్రి ఎన్నింటికి తింటున్నావు?

చిరంజీవి చిన్నాకి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మాటమాటకీ గొంతు సవరించుకుంటున్నావు. పడుకున్న గంటా రెండు గంటలకే దగ్గుతో మెలకువ వస్తోందనీ, పిల్లికూతలు వినిపిస్తున్నాయనీ, అంతా హైదరాబాద్ దుమ్మేననీ అన్నావు. దుమ్ము కాదని నేననను. నేనూ పదేళ్లు నా ఆయాసానికి (ఆస్తమాకి) దుమ్మునీ మంచునీ తిట్టుకున్నవాణ్ణే. చివరికి ఒక డాక్టరు స్టెతస్కోపు పెట్టకముందే "రాత్రి ఎన్నింటికి తింటారు?" అనడిగాడు. కొట్టు కట్టేసి వచ్చి పదిన్నరకి ఆవకాయన్నం, పదకొండుకి మంచం. అదీ నా సంగతి.

అన్నవాహిక అడుగున ఒక కండరం మూతలా ఉంటుంది. అది వదులైతే, నడుం వాల్చగానే పొట్టలో పులుపు పైకి ఎగదన్నుతుంది. ఒక చుక్క ఊపిరిగొట్టంలోకి జారినా ఆ గొట్టం బిగుసుకుపోతుంది. అంత పైకి రాకపోయినా, అన్నవాహికకీ శ్వాసనాళాలకీ వెళ్లే నరం ఒకటే కాబట్టి ఇక్కడ మంట పుడితే అక్కడ ముడుచుకుంటాయి. ఆయాసం కూడా ఊరుకోదు. దగ్గిదగ్గి పొట్ట మీద ఒత్తిడి పెరిగి పులుపు మళ్లీ పైకి తంతుంది. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్ మాత్రలు ఆ మూతని ఇంకా వదులు చేస్తాయి. అవి వాడుతుంటే డాక్టరుకి చెప్పు.

తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. ఆఫీసులో ఆలస్యమైతే అక్కడే ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తినెయ్. పుదీనా బిళ్లలు చప్పరించకు, హాయిగానే ఉంటాయి కానీ ఆ మూతకి పడవు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేపు. దిండ్ల మీద దిండ్లు వేస్తే నడుం దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. మొదటివారం మీ పెద్దమ్మ "తెల్లారేసరికి కాళ్ల దగ్గరికి జారిపోతున్నాను" అని గొడవ. తర్వాత అలవాటైంది. ఎడమవైపు తిరిగి పడుకో.

ఎసిడిటీ మాత్ర నీ అంతట నువ్వు మందులషాపులో కొనుక్కోకు. 2009లో అమెరికాలో ఆస్తమా అదుపులో లేని 412 మంది మీద ఆ మందు పరీక్షించారు. వాళ్లకి గుండెల్లో మంట పెద్దగా లేదు. సగంమందికి 24 వారాలు రోజుకి రెండుసార్లు ఇచ్చినా ఆయాసం తగ్గలేదు. నీకు పుల్లత్రేన్పులు, గుండెల్లో మంట ఉంటే మాత్రం డాక్టరుకి చెప్పు. ఆయన రాస్తే టిఫినుకి అరగంట ముందు వేసుకో.

ఇన్‌హేలర్ మాత్రం మానకురా. ఇటుకలు పెట్టాక పదిహేను రోజులు బాగుందని నేను మానేశాను. ఒకరాత్రి "నీళ్లు" అన్న మాట కూడా పూర్తిగా రాలేదు. పక్కింటివాళ్లు ఆటోలో వేసి తీసుకెళ్లారు. మాట ఆడలేనంత వస్తే ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తు.

ఈ వారమంతా ఎన్నింటికి తిన్నావో, పడుకున్నావో, దగ్గు ఎప్పుడొచ్చిందో కాగితం మీద రాసి డాక్టరుకి చూపించు. ఇటుకలంటావా, మీ వెనకసందులో అపార్ట్‌మెంటు కడుతున్నారుగా, వాచ్‌మన్‌ని అడిగితే నాలుగు ఇస్తాడు.

మీ పెద్దనాన్న