వాల్వు తిప్పే ముందు జాడీ చూడు

చి. ప్రసాద్‌కు,

తిరుపతిలో మురుగునీటి ప్లాంటు షిఫ్టు నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. ప్యానెల్ బోర్డు నిండా మీటర్లు ఉంటాయిలే. నువ్వు పొద్దున్నే చూడాల్సింది మాత్రం లీటరు కొలత జాడీని.

గాలి ఊది సూక్ష్మజీవులతో మురుగును తినిపించే ఏరేషన్ ట్యాంకులో, నీళ్లు బయటికి పోయే చివర నమూనా పట్టుకో. వెంటనే జాడీలో పోసి, మెల్లగా ఒకసారి కలిపి నీడలో పెట్టు. ఎండ తగిలితే లోపల కదలిక పుట్టి లెక్క తప్పుతుంది. 30 నిమిషాలకు స్లడ్జి, అంటే సూక్ష్మజీవుల బురద, 250–350 గీతల మధ్యకు దిగి, పైన నీళ్లు తేటగా ఉంటే ఆ రోజు దేన్నీ ముట్టుకోకు. ఆ అంకెను వెయ్యితో హెచ్చించి, లీటరు ట్యాంకు నీళ్లలో తేలే ఘనపదార్థాల బరువు (మిల్లీగ్రాముల్లో) అయిన ఎంఎల్‌ఎస్‌ఎస్‌తో భాగించి పుస్తకంలో రాసిపెట్టు. 300 గీత, 3000 ఎంఎల్‌ఎస్‌ఎస్ అయితే 100 వస్తుంది. 150 దాకా భయం లేదు. 200 దాటితే, స్లడ్జిని అడుగుకు దించి నీళ్లను వేరుచేసే క్లారిఫయర్ అంచు మీద స్లడ్జి పొర్లే రోజు దగ్గరపడినట్టే.

ఒకరోజు జాడీలో స్లడ్జి 800 గీత దగ్గరే నిలిచిపోయిందనుకో. అందరూ చేసే తప్పు, ఎక్కువైన స్లడ్జిని బయటికి పంపే వేస్టింగ్ వాల్వు బార్లా తెరవడం. అర లీటరు ట్యాంకు నీళ్లకు అర లీటరు శుద్ధి అయిన నీళ్లు కలిపి మళ్లీ పెట్టి చూడు. 250కి దిగితే స్లడ్జి ఎక్కువై ఇరుకైంది, అంతే. వేస్టింగ్ పెంచు, కానీ రోజుకు పది శాతం మించకుండా. ఫలితం కనబడడానికి వారాలు పడుతుంది, మధ్యలో చెయ్యి దురద పెట్టకూడదు. కలిపినా దిగకపోతే పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగింది. గాలి చాలకో, హోటళ్లు, కల్యాణ మండపాల నూనె జిడ్డు వల్లో, దారిలోనే కుళ్లిన మురుగు వల్లో అలా అవుతుంది. పెళ్లిళ్ల సీజనులో జిడ్డు గుంతను రోజూ తోడించు. తీసిన తెట్టును మళ్లీ ట్యాంకులోకి తోసేవాళ్లుంటారు, కనిపెట్టుకో.

లెక్క రాసుకున్నాక కూడా జాడీని పారబోయకు, ఇంకో గంట ఉంచు. దిగిన స్లడ్జి గడ్డలుగా పైకి తేలితే దానికి అంటుకున్న బుడగలు నైట్రోజన్‌వి. క్లారిఫయర్ అడుగున స్లడ్జి ఎక్కువసేపు కూర్చుంటోంది, దాన్ని తిరిగి ఏరేషన్ ట్యాంకుకు పంపే రిటర్న్ పంపు పెంచు.

కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కన్నా తగ్గనీయకు. 20 డిగ్రీల నీళ్లు 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటాయి, మే నెలలో 35 డిగ్రీలకు చేరితే 7కు మించి పట్టవు. సూక్ష్మజీవుల ఆకలి మాత్రం ఎండకు పెరుగుతుంది. అందుకే గాలి ఊదే బ్లోయర్ ఫిల్టర్లు ఏప్రిల్‌లోనే శుభ్రం చేయించు. కరెంటు పోతే జనరేటర్ మీద ముందు బ్లోయర్, తర్వాతే మిగతావి.

నవంబర్ వానలకు వరద నీళ్లు మురుగు లైన్లలో కలుస్తాయి. ఆ పూట వేస్టింగ్ ఆపు, చెత్తను ఆపే జాలీ గంటకోసారి గీకించు. స్లడ్జి కొట్టుకుపోయేలా ఉంటే గంటసేపు గాలి ఆపు, ట్యాంకులోనే దిగుతుంది. అంతకు మించి ఆపకు.

పంపు బావిలోకి ఎవరినీ దించకు. కుళ్లిన గుడ్ల వాసన ఆగిందంటే గ్యాసు పోయిందని కాదు, ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది. పడినవాణ్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. పంపును గొలుసుతో పైకి లాగించు. రక్షణ సామగ్రి లేకుండా శుభ్రం చేయించడానికి మనిషిని మాన్‌హోల్‌లో దించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

జాడీలు రెండు తెప్పించు. గాజుది ఎలాగూ పగులుతుంది.

మీ పెదమామ