పావు వంతు జనానికే అంత పొడుగు క్యూలా? రైడ్ దగ్గర నిలబడి చూసిన మనిషిగా చెబుతున్నాను

మీరు అడిగింది ఇదీ: 2020లో అమెరికాలో థీమ్ పార్కులు మళ్లీ తెరిచినప్పుడు పావు వంతు మందినే లోపలికి రానిస్తున్నామని చెప్పారు, మరి ఫొటోల్లో క్యూలు అంత పొడుగ్గా ఎందుకున్నాయి, ఆ నిబంధనలన్నీ పైపై హంగులేనా అని. అప్పుడు నేను ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో ఒక పెద్ద పార్కులో పనిచేస్తున్నాను. పార్కు పేరు చెప్పను. పైపై హంగులు కొన్ని ఉన్న మాట నిజమే, కానీ క్యూ పొడుగు వెనక మోసమేమీ లేదు. అదంతా కాగితం మీద వేసుకుంటే తేలిపోయే లెక్క.

మాది తెనాలి. మా ఆయన ఉద్యోగం వల్ల ఫ్లోరిడా వచ్చాం, హెచ్4 మీద (అమెరికాలో ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా అది) పనిచేసుకునే అనుమతి దొరికాక 2017లో పార్ట్‌టైమ్‌గా చేరాను. రోలర్ కోస్టర్ ఎక్కే చోట నిలబడి "ఎంతమంది?" అని అడిగి, మీరు రెండో వరసకి, మీరు నాలుగో వరసకి అని పంపడం నా పని. దాన్ని అక్కడ గ్రూపర్ అంటారు. చూసేవాళ్లకి చిన్న పనిలా ఉంటుంది. కానీ మా రైలుకి ఆరు వరసలు, వరసకి నాలుగు సీట్లు, అంటే 24 మంది, 45 సెకన్లకి ఒక రైలు వదిలితే గంటకి 80 రైళ్లు, దాదాపు 1,900 మంది. ప్రతి రైల్లో ఒక్క సీటు ఖాళీగా పోయినా గంటకి 80 మంది వెనకబడతారు. అందుకే ఒంటరిగా వచ్చినవాళ్లని వెతికి మరీ ఆ ఖాళీలో కూర్చోబెట్టేవాళ్లం.

కరోనా నిబంధనలు వచ్చాక ఆ పని మొత్తం తలకిందులైంది. వరస విడిచి వరస, అంటే ఆరింట్లో మూడే. ఒక వరసలో ఒకే కుటుంబం, వేరేవాళ్లని పక్కన కూర్చోబెట్టకూడదు. ఇద్దరే వచ్చిన జంటకి కూడా నాలుగు సీట్ల వరస మొత్తం ఇచ్చేయాలి. మూడు జంటలు వస్తే 24 సీట్ల రైల్లో వెళ్లేది ఆరుగురు! నలుగురేసి ఉన్న కుటుంబాలు వరసగా వస్తే 12 మంది. అన్నీ కలిపి చూస్తే రైలుకి ఎనిమిది మంది దగ్గర ఆగేది. పైగా ఎక్కే ముందు ప్రతి ఒక్కరి చేతిలో శానిటైజర్ వేయాలి, అది ఆరకముందే ల్యాప్ బార్, అంటే సీట్లో ఒడి మీదికి లాక్కునే కడ్డీ, పట్టుకుంటే చెయ్యి జారుతుంది, వాళ్లు బార్ సరిగ్గా కిందికి లాగలేరు, మేం మళ్లీ వచ్చి సరిచూడాలి. దాంతో 45 సెకన్లు కాస్తా నిమిషం అయింది. గంటకి 60 రైళ్లు, ఎనిమిదేసి మంది, 480. అంటే ఇంతకుముందు ఎక్కేవాళ్లలో సరిగ్గా పావు వంతు.

గేటు దగ్గర జనాన్ని పావు వంతుకి తగ్గించారు, రైడ్ సామర్థ్యం కూడా పావు వంతుకే పడిపోయింది, ఇక వేచి ఉండే సమయం ఎక్కడ తగ్గుతుంది? పైగా మామూలు రోజుల్లో వేలమంది థియేటర్ షోల్లోనో, ఊరేగింపు చూడటానికి రోడ్డు పక్కనో ఉంటారు. అవన్నీ ఆపేశారు కాబట్టి వచ్చినవాళ్లందరికీ రైడ్లు తప్ప వేరే దిక్కు లేదు. డిస్నీ వాళ్లు పెద్ద పరేడ్ మానేసి, ఏ టైముకి వస్తాయో ముందు చెప్పకుండా చిన్న చిన్న ఊరేగింపులు నడిపారు. టైము చెబితే జనం గంట ముందే వచ్చి గుమిగూడతారు కదా. నాకు చాలా నచ్చిన ఆలోచన అది.

ఇక ఫొటోల్లో మీరు చూసిన పొడుగు సంగతి. నలుగురున్న కుటుంబం మామూలుగా క్యూలో నాలుగైదు అడుగుల చోటులో ఇమిడిపోతుంది. తర్వాతి కుటుంబానికి ఆరడుగుల దూరం వదిలితే అదే కుటుంబానికి పది పదకొండు అడుగులు కావాలి. వంద కుటుంబాలు 450 అడుగుల్లో సరిపోయే చోట వెయ్యి అడుగులు దాటుతుంది. అది చాలదన్నట్టు గదుల్లో ఉండే క్యూ భాగం చాలా చోట్ల మూసేశారు, రైడ్‌కి ముందు చూపించే వీడియో గదిలో అందరినీ కలిపి నిలబెట్టకూడదు కాబట్టి అదీ మూత. పాములా మెలికలు తిరిగే క్యూల్లో ముందూ వెనకా దూరం పాటించినా పక్క వరసలోవాళ్లు మూడడుగుల్లోనే ఉంటారు, అందుకని మధ్యలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్లు బిగించారు, అవి బిగించలేని చోట వరస విడిచి వరస వాడారు. మిగిలిన క్యూ అంతా బయటికి, నడిచే దారి మీదికి వచ్చేసింది. ఫొటో తీసినవాళ్లకి కనిపించింది అదే. 2020 జూలైలో ఆ పొడుగు క్యూ నిజానికి ఆగకుండా నడుస్తూనే ఉండేది, ఎందుకంటే భయంతో అనుమతించినంత మంది కూడా రాలేదు, కొన్ని రోజులు మా రైళ్లు ఒక్కరూ లేకుండా తిరిగాయి. నవంబర్‌కి డిస్నీ తన పరిమితిని 35 శాతానికి పెంచింది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులకి జనం రావడం మొదలయ్యాక మాత్రం పార్కు ఏదైనా క్యూ నిజంగానే పెద్దది.

నిబంధనల్లో ఏవి పనికొచ్చాయి, ఏవి రాలేదు అనేది మీ రెండో ప్రశ్న. దానికి ముందు పార్కులు మూసిన, తెరిచిన తేదీలు కొంచెం గుర్తు చేస్తాను. మార్చి మధ్యలో ఓర్లాండో పార్కులన్నీ మూతపడ్డాయి. మమ్మల్ని ఏప్రిల్‌లో ఫర్లోలో పెట్టారు, అంటే ఉద్యోగం పేరుకి ఉంది, జీతం లేదు. తెరవాలంటే ఫ్లోరిడాలో ప్రతి పార్కూ తన ప్లాన్‌ని మొదట కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిటీ ముందు పెట్టాల్సి వచ్చింది, తర్వాత రాష్ట్రం ఆమోదించాల్సి వచ్చింది. జూన్ 5న యూనివర్సల్, జూన్ 11న సీవరల్డ్, జూలై 11న డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్, 15న ఎప్కాట్, హాలీవుడ్ స్టూడియోస్ తెరిచారు. ఫ్లోరిడాలో కేసులు అప్పటిదాకా ఎప్పుడూ లేనంత పెరుగుతున్న వారాలవి. నన్ను మళ్లీ పిలిచారని చెబితే మా అమ్మ ఫోన్లో "ఆ గుంపుల్లోకి నువ్వెందుకే, ఇంట్లో కూర్చుంటే గడవదా" అని ఏడ్చింది. గడవదని కాదు, నాతో పనిచేసేవాళ్లలో ఒంటరి తల్లులు ఉన్నారు, వాళ్లు వెళ్తుంటే నేను మానేయడం మనసొప్పలేదు.

గేటు దగ్గర జ్వరం చూడటం నా ఉద్దేశంలో దాదాపు వృథా. 100.4 ఫారన్‌హీట్ దాటితే ఆపాలి. ఓర్లాండో జూలై ఎండలో పార్కింగ్ నుంచి నడిచొచ్చినవాళ్ల నుదురు ఎలాగూ వేడిగానే ఉంటుంది, వాళ్లని చల్లటి టెంట్‌లో కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే మామూలుగానే వచ్చేది. జ్వరం రాకముందే, అసలు లక్షణాలే లేకుండా అంటించగలిగే జబ్బుకి ఆ థర్మామీటర్ ఏం పట్టుకుంటుంది? సీట్లు, రెయిలింగులు తుడిచి తుడిచి మా చేతులు పగిలాయి, 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఏమందంటే, వైరస్ ఉన్న వస్తువుని ముట్టుకోవడం వల్ల సోకే అవకాశం మామూలుగా పదివేలకి ఒకటి కన్నా తక్కువ అని. ఆ మనుషులనీ ఆ గంటలనీ వేరే పనికి పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మాస్కు మాత్రం పనిచేసింది, పాటించినంత వరకు. రెండేళ్లు దాటిన పిల్లలతో సహా అందరికీ తప్పనిసరి అన్నారు. జనం వెంటనే దారి కనిపెట్టారు. చేతిలో ఒక కూల్‌డ్రింక్ గ్లాసు పట్టుకుని రోజంతా మాస్కు దించుకుని తిరగడం, అడిగితే "తాగుతున్నాను" అనడం. డిస్నీ తెరిచిన కొద్ది రోజులకే తినేటప్పుడు, తాగేటప్పుడు ఒకచోట ఆగాలి, దూరం పాటించాలి అని మార్చింది. రైడ్ మీద మాస్కు తీసేస్తే ఆ రైడ్ ఫొటో ఇవ్వకపోవడం ఇంకా తెలివైన పద్ధతి. మనిషితో మనిషి గొడవపడే పని లేదు, వాదన లేదు. ఎందుకంటే మాస్కు పెట్టుకోండి అని చెప్పే బాధ్యత గంటకి కొన్ని డాలర్లు తీసుకునే పంతొమ్మిదేళ్ల పిల్లల మీద పడింది. మా ప్లాట్‌ఫాం మీద ఒక అమ్మాయిని ఒకాయన మొహంలో మొహం పెట్టి అరిచాడు, ఆ అమ్మాయి షిఫ్ట్ అయ్యేదాకా వణుకుతూనే ఉంది. జపాన్‌లోనైతే కోస్టర్ మీద అరవొద్దని పార్కుల సంఘాలే కోరాయి, ఫుజీ-క్యూ హైలాండ్ వాళ్లు సూటు వేసుకున్న ఇద్దరు అధికారులు కోస్టర్ మీద నోరు విప్పకుండా కూర్చున్న వీడియో పెట్టి, అరుపు గుండెల్లోనే ఉంచుకోండి అన్నారు. మా దగ్గర ఆ నిబంధన లేదు, పెట్టినా నిలిచేది కాదు.

ఎవరూ ముందుగా రాయని విషయం ఒకటుంది, మధ్యాహ్నం వాన. ఫ్లోరిడా వేసవిలో రోజూ మూడింటికో నాలుగింటికో ఉరుములు మెరుపులతో వాన పడుతుంది. మెరుపు దగ్గరలో ఉందంటే బయట ఉన్న రైడ్లన్నీ ఆపేయాలి, అది కరోనా కన్నా పాత నియమం, దాని మీద చర్చ లేదు. తెరిచిన మొదటి వారంలోనే ఒక రోజు అలా ఆపేశాం. వెయ్యి అడుగుల క్యూ ఒక్కసారిగా చెదిరిపోయింది. నేల మీద అతికించిన ఆరడుగుల గుర్తుల మీద నీళ్లు పారుతున్నాయి, గుర్తుల మీద నిలబడాల్సిన జనం అంతా ఒక షాపు చూరు కింద భుజాలు ఒరుసుకుంటూ ఉన్నారు, తడిసిన మాస్కులతో ఊపిరాడక సగం మంది కిందికి దించేశారు. పిల్లలు ఏడుస్తున్నారు. మెరుపుల్లోకి వెళ్లండి అని ఎవరు చెప్పగలరు? మా సూపర్‌వైజర్ అప్పటికప్పుడు ఖాళీగా ఉన్న షో థియేటర్ తలుపులు తెరిపించి వరస విడిచి వరస కూర్చోబెట్టారు. ఆ తర్వాత అది రోజువారీ పద్ధతి అయింది, రెండింటికల్లా ఆ థియేటర్ దగ్గర ఇద్దరిని పెట్టేవాళ్లు. పార్కు సామర్థ్యాన్ని మొత్తం స్థలంతో కాకుండా పైకప్పు ఉన్న స్థలంతో లెక్కించాలని ఆ రోజు నుంచి నేను నమ్ముతున్నాను. బయట విశాలంగా ఉన్న చోటు వాన పడితే సున్నా.

ఇంకొకటి, పార్కుకి వచ్చే జనం కన్నా మా బ్రేక్ రూమ్ అంటేనే మాకు ఎక్కువ భయం. బయట అందరం మాస్కుల్లో ఉంటాం, లోపలికి వచ్చి మాస్కు తీసి ఎదురెదురుగా తింటాం. కొన్ని వారాలకి బయట టెంట్లు వేసి కుర్చీలు దూరంగా పెట్టారు, అది మొదటి రోజే చేయాల్సిన పని.

కాలిఫోర్నియాతో పోల్చి అడుగుతారు చాలామంది. విచిత్రం ఏంటంటే ఓర్లాండో ఉన్నదీ ఆరెంజ్ కౌంటీయే, డిస్నీలాండ్ ఉన్న ఆనహైమ్ కూడా ఆరెంజ్ కౌంటీయే, రాష్ట్రాలే వేరు. అక్కడ 2020 మార్చి 14న మూసిన డిస్నీలాండ్ 2021 ఏప్రిల్ 30 దాకా తెరవలేదు. కౌంటీలకి వ్యాప్తిని బట్టి ఊదా, ఎరుపు, నారింజ, పసుపు రంగులిచ్చారు, పెద్ద పార్కులైతే అన్నిటికన్నా తక్కువ వ్యాప్తి ఉన్న పసుపు రంగులోకి వచ్చాకే అని 2020 అక్టోబర్‌లో తేల్చారు. 2021 మార్చిలో దాన్ని సడలించి ఎరుపులో 15 శాతం, నారింజలో 25, పసుపులో 35 శాతం అన్నారు, అదీ కాలిఫోర్నియా వాళ్లకే. మధ్యలో, 2021 జనవరి నుంచి, డిస్నీలాండ్ పార్కింగ్ స్థలంలో టీకాలు వేశారు. 2020 సెప్టెంబర్ చివర్లో డిస్నీ 28,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు కాలిఫోర్నియా ఆంక్షలు ఎత్తేయకపోవడాన్ని కూడా ఒక కారణంగా చెప్పింది.

ఎవరిది సరైన నిర్ణయం అంటే, నాకు జీతం వచ్చింది ఫ్లోరిడా నిర్ణయం వల్ల, అయినా దాన్ని పూర్తిగా సమర్థించలేను. మా కౌంటీ ఆరోగ్య అధికారులు పార్కుల నుంచి వ్యాప్తి బయటపడలేదని చెప్పారు, నిజమే కావచ్చు, కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లు నాలుగు రోజులుండి ఒహాయోకో టెక్సస్‌కో వెళ్లిపోతారు, అక్కడికెళ్లాక జబ్బు పడితే ఆ కేసు అక్కడి లెక్కలో పడుతుంది. మా పార్కు పద్దులో అది ఎప్పటికీ కనిపించదు. జూలై బదులు సెప్టెంబర్‌లో తెరిచి, మధ్యలో మా జీతాలు నిలబెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

2021 మే మధ్యలో సీడీసీ మాస్కుల విషయం సడలించాక మా దగ్గర కూడా ఆరడుగులు మూడడుగులయ్యాయి, జ్వరం చూడటం ఆపేశారు, కొన్నాళ్లకి ప్లాస్టిక్ షీట్లు ఊడదీశారు. అన్ని వరసలూ నింపమన్న మొదటి రోజు నేను ఒకటి, మూడు, ఐదు అనే చూపిస్తున్నాను, చెయ్యి అలవాటు మానలేదు. రైలు సగం ఖాళీగా వెళ్లిపోతుంటే అవతల లీవర్ దగ్గరున్న అబ్బాయి "రెండు కూడా, రెండు కూడా!" అని అరిచాడు. ఆ రోజు గంటకి 1,500 దాటించాం.