జడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌లో డిస్కుల స్లాట్లు మారిస్తే డేటా పోతుందా?

పోదు. జడ్‌ఎఫ్‌ఎస్ (ZFS) అనేది డేటాను డిస్కుల మీద దాచే ఫైల్ సిస్టమ్, పూల్ అంటే అది కలిపి వాడే డిస్కుల గుంపు. డిస్కులను ఏ స్లాట్‌లో ఏ వరుసలో పెట్టినా జడ్‌ఎఫ్‌ఎస్ పూల్ వాటిని గుర్తుపడుతుంది. ప్రతి డిస్కు మీద ఆ పూల్ వివరాలు, డిస్కు గుర్తింపు సంఖ్య ఉన్న లేబుల్ 4 కాపీలుగా ఉంటుంది: మొదట్లో 2, చివర్లో 2. పూల్ చూసేది ఆ లేబుల్‌నే, కేబుల్‌ని కాదు. అయినా మార్చేముందు పూల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), మెషీన్ ఆపి, తర్వాత ఇంపోర్ట్ చేయడమే (తిరిగి కలపడమే) మంచిది.

కొత్త డిస్కు వేయడం మాత్రం వేరే సంగతి, ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. 4 డిస్కుల రైడ్‌జడ్1 పూల్ తీసుకోండి. అది ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది. ఒకటి మార్చాక రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి రాయడం) నడుస్తుండగానే రెండోది లాగేస్తే పూల్ మొత్తం ఆగిపోతుంది. ఖాళీ స్లాట్ ఉంటే పాత డిస్కును అలాగే ఉంచి రీప్లేస్ కమాండ్ ఇవ్వండి. రీసిల్వర్ పూర్తయ్యేదాకా రక్షణ తగ్గదు.

చాలామంది లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లను డిస్కుకు శాశ్వతమైన పేర్లనుకుంటారు. రీబూట్ అయితే అవి మారిపోవచ్చు. అందుకే బయటికి తీసేముందు డిస్కు స్టిక్కర్ మీది సీరియల్ నంబర్‌ని ఒక్కో అక్షరం సరిచూసుకోండి.