పిల్లలు కుదురుగా కూర్చోవాలంటే తట్టల్లో మట్టి తెప్పించండి

వందనాలు సిస్టర్. చర్చిలో వాక్యం (బైబిల్ ప్రసంగం) మొదలవగానే పిల్లలు గోల, పెద్దవాళ్లు విసుక్కోవడం అన్నారు కదా, మిర్యాలగూడ దగ్గర మాకూ అదే టెన్షన్ ఉండేది. బైబిల్లో మత్తయి సువార్త 13వ అధ్యాయంలోని విత్తువాని ఉపమానం తీసుకోండి, రైతు చల్లిన గింజలు నాలుగు రకాల నేలల్లో పడే కథ అది. నాలుగు తట్టల్లో బాట మట్టి, రాళ్ల చెల్క, తుమ్మముళ్లున్న మట్టి, మంచి రేగడి పెట్టండి. పిల్లలు పెసలు చల్లుతారు. ఇద్దరు పిట్టలై బాటమీది గింజలు ఏరుకుపోతారు. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ మట్టిలో ఎందుకు మొలవదో తాతలను అడగండి. మా దగ్గర ఒక పెద్దాయన రేగడిని పిడికిట్లో పిసికి చూపిస్తూ ఎంతసేపు చెప్పాడంటే, పాస్టర్‌గారికి ప్రసంగమే మిగల్లేదు! చివర్లో మంచి నేల ఇచ్చిన పంట గురించిన ‘నూరంతలు, అరువదంతలు, ముప్పదంతలు’ అనే మాట అందరితో చదివించండి. స్కూల్ అసెంబ్లీకైతే రెండు తట్టలు చాలు. నీళ్లు పోసే పని మాత్రం పిల్లలకే ఇవ్వండి, వచ్చే ఆదివారానికి మొలకలు వాళ్లే చూపిస్తారు.