పాఠకుల ప్రశ్నలు: వేల్స్‌లో భాషకూ కొలువుకూ లంకె

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఒంగోలులో మెకానికల్ డిప్లొమా చదువుతోంది. వేల్స్ ప్రభుత్వం ఆర్థికాభివృద్ధి, నైపుణ్యాలు, వెల్ష్ భాష మూడింటినీ కలిపి చూస్తుందని చదివిందట. భాష వల్ల పొట్ట నిండుతుందా? మన పిల్లలకు తెలుగుతో ఏం లాభం?
– ఒక తండ్రి, చీమకుర్తి

జవాబు: అక్కడ నిండుతోందండీ, కొంతవరకైనా. వేల్స్ అంటే ఇంగ్లండ్ పక్కనే, బ్రిటన్‌లో భాగంగా ఉన్న చిన్న దేశం. జనాభా 31 లక్షల పైచిలుకు. 1997 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) అతి స్వల్ప మెజారిటీతో సొంత శాసనసభ తెచ్చుకున్నారు. రక్షణ, విదేశాంగం లండన్ చేతిలోనే ఉన్నా చదువు, నైపుణ్యాలు, భాష వీళ్ల చేతికొచ్చాయి. 2011 చట్టం వెల్ష్‌కు అధికార హోదా ఇచ్చింది. దానికింద వచ్చిన నియమాల ప్రకారం స్థానిక పాలన చూసే కౌన్సిల్ ఆఫీసులు వెల్ష్‌లోనూ సేవలందించాలి. ఖాళీ పడిన ప్రతి పోస్టుకూ వెల్ష్ తప్పనిసరా, వస్తే మంచిదా, చేరాక నేర్చుకోవచ్చా, అవసరమే లేదా అని ముందే తేల్చాలి. అసలు లంకె ఇదే. భాష వచ్చినవాళ్లకు కొలువు దొరుకుతుంది కాబట్టి నేర్చుకునేవాళ్లూ ముందుకొస్తారు.

అయినా కష్టంగానే ఉంది. 2050కల్లా పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని 2017లో లక్ష్యం పెట్టుకున్నారు. 2011లో 5.62 లక్షలున్న వాళ్లు 2021 జనాభా లెక్కల్లో 5.38 లక్షలకు తగ్గారు. గ్వినెడ్, కెరెడిగియన్ లాంటి పశ్చిమ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) చాలామందికి వెల్ష్ ఇంటి భాష. అక్కడి కుర్రాళ్లు పనికోసం ఊరు వదిలిపోతుంటే బడి ఒక్కటే ఏం చేయగలదు? అందుకే ఆర్ఫోర్ అనే పథకం పెట్టి, పశ్చిమాన నాలుగు కౌంటీల్లో స్థానిక వ్యాపారాలకు చేయూతనిచ్చారు. నా దృష్టిలో వాళ్లు చేసిన సరైన పని అది.

ఇక మన సంగతి. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పాను. మైక్రోమీటర్ (సన్నని కొలతలు తీసే పరికరం) చూడడం తెలుగులో చెబితే గంటలో పట్టేసిన పిల్లవాడే, ఇంగ్లీషు మాన్యువల్ ముందు పెడితే బిక్కమొహం వేసేవాడు. వాడికి పని రాదని ఎలా అంటాం? మీ క్వారీల్లో బ్లాస్టింగ్ జాగ్రత్తలు కూలీకి అర్థమయ్యే భాషలో లేకపోతే పోయేది ప్రాణం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మీ అమ్మాయిని ఇంగ్లీషు బాగా నేర్చుకోనివ్వండి, మెషిన్ల మాన్యువల్స్ అందులోనే వస్తాయి. తెలుగు చదవడం, రాయడం మాత్రం వదలనివ్వకండి. రేపు సూపర్‌వైజరైతే పనివాళ్లకు చెప్పాల్సింది తెలుగులోనే. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి వెళ్లినా స్థానిక భాష వచ్చో లేదో చూస్తారు. సాంకేతిక విద్యను చూసే జాతీయ సంస్థ ఏఐసీటీఈ వాళ్లు డిప్లొమా పుస్తకాలు కొన్ని తెలుగులోనూ తెచ్చి ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు. ఇంగ్లీషు పుస్తకం పక్కన అదీ పెట్టుకుని చదవమనండి.