గోల్ఫ్ జీటీఐకి పెద్ద బ్రేక్ కిట్ ఇంట్లోనే బిగించుకోవచ్చునా?

మీ కారు 2016 నాటి గోల్ఫ్ జీటీఐ అనీ, దానికి ముందు వైపు చక్రాలతో పాటు తిరిగే బ్రేక్ డిస్కులు మామూలు 312 మిల్లీమీటర్లవే ఉన్నాయనీ, మొదటి ట్రాక్ డేలో (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజున) మూడో సెషన్‌కల్లా బ్రేక్ పెడల్ మెత్తబడి సగానికి పైగా దిగిపోయిందనీ రాశారు. అందుకని ఆరు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగాలు) ఉన్న పెద్ద కిట్ కొని మీ గరాజ్‌లోనే బిగించుకోవాలనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడి పోలో జీటీ టీఎస్ఐ గురించి కూడా అడిగారు. అదే తరం జీటీఐని నేను ఆరేళ్ళుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా గరాజ్‌లో స్వయంగా చూసుకుంటున్నాను. ముందు చక్రాలకు 340 మిల్లీమీటర్ల డిస్కులు బిగించింది కూడా నేనే. కిట్‌ను మీరు నిస్సందేహంగా ఇంట్లో బిగించుకోగలరు. కాని మీరు వర్ణించిన లక్షణానికి ఆ కిట్ మందు కాదు.

బ్రేకులు వేడెక్కి చేతులెత్తేయడం రెండు రకాలుగా జరుగుతుంది, ఆ రెండింటినీ మీ కుడికాలే గుర్తుపట్టగలదు. డిస్కును రెండు వైపులా అదిమి పట్టే ప్యాడ్ తట్టుకోగల వేడి దాటిపోతే పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత బలంగా తొక్కినా కారు మాత్రం ఆగదు. ఎందుకంటే ఒత్తిడి డిస్కు దాకా చేరుతున్నా ప్యాడ్‌కు పట్టు పోయింది. బ్రేక్ ఆయిల్ మరిగితే దీనికి పూర్తిగా వ్యతిరేకం: పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది, రెండు మూడు సార్లు గబగబా తొక్కితే కొంత పైకి వస్తుంది, ఎందుకంటే గొట్టాలలో ద్రవానికి బదులు ఆవిరి బుడగలు చేరాయి, మీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చవుతోంది. మీరు చెప్పినది రెండో రకం. పాత ఆయిల్‌నే ఉంచి దాని చుట్టూ ఎంత ఖరీదైన కాలిపర్లు బిగించినా, అవి వేడెక్కిన రోజున పెడల్ మళ్ళీ అలాగే దిగుతుంది.

ఆ వేడి ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. నడిపేవారితో కలిపి 1450 కిలోల కారు గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గిందంటే సుమారు పది లక్షల జౌళ్ళ శక్తిని వదిలించుకోవాలి. గది ఉష్ణోగ్రతలో ఉన్న మూడు లీటర్ల నీటిని మరిగించడానికి సరిపోయే వేడి అది. మలుపు ముందు ఒక్కసారి బ్రేక్ వేసినప్పుడు, మూడు నాలుగు సెకండ్లలో పుట్టే ఈ వేడిలో ఎక్కువ భాగం ముందు డిస్కులకే వెళ్తుంది, అది చల్లారే లోపే తరువాతి మలుపు వస్తుంది. తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డులో ముందు వెళ్ళే బస్సు నుంచి వచ్చే మాడు వాసన మనవాళ్ళలో చాలామందికి తెలిసినదే. ట్రాక్ మీద జరిగేదీ అదే, కాకపోతే చాలా తక్కువ సమయంలో.

నాకు ఈ పాఠం విల్లోస్ దగ్గరి థండర్‌హిల్ ట్రాక్‌లో వచ్చింది. ఎండ తీవ్రంగా ఉన్న రోజు. సుమారు మూడు మైళ్ళ ఆ చుట్టు మీద మొదటి రెండు సెషన్లూ బాగా గడవడంతో మూడోదానిలో మలుపులకు మరింత దగ్గరగా వెళ్ళి బ్రేక్ వేయసాగాను. పొడవాటి తిన్నని దారి చివర పెడల్ నేలకు తగిలినంత పని అయింది. మళ్ళీ మళ్ళీ తొక్కి, గేరు తగ్గించి, మలుపును వదిలేసి మట్టిలోకి దిగి కారును ఆపగలిగాను. కారుకు గాని నాకు గాని ఏమీ కాలేదు, కాని ఆ రెండు సెకండ్లు ఈనాటికీ నాకు గుర్తున్నాయి. ఆ సాయంత్రం సర్వీస్ కాగితాలు తిరగేస్తే, కొన్నప్పటి నుంచి నాలుగేళ్ళుగా బ్రేక్ ఆయిల్ మార్చనే లేదని తేలింది. ఆ తప్పు పూర్తిగా నాది. రెండేళ్ళకొకసారి మార్చాలన్న సంగతి తెలిసి కూడా వాయిదా వేశాను.

మనం అలవాటుగా బ్రేక్ ఆయిల్ అంటాం గాని, అది నిజానికి నూనె కాదు. మన కార్లలో వాడేది గ్లైకాల్ ఆధారంగా తయారైన ద్రవం. పొరపాటున మామూలు నూనె పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, తేమ చేరిన కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు; సుమారు 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలే. ట్రాక్ కోసం తయారైన రకాలు దీనికన్నా చాలా మెరుగ్గా ఉంటాయి: ఏటీఈ టైప్ 200 కొత్తగా ఉన్నప్పుడు 280 డిగ్రీల వరకు, మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 అయితే 312 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. నేను రోజువారీ ప్రయాణానికీ ట్రాక్‌కూ కలిపి మొదటిదాన్ని వాడుతూ ఏడాదికొకసారి మారుస్తున్నాను. డాట్ 5 అని రాసి ఉన్న సీసాను మాత్రం ముట్టుకోకండి. అది సిలికాన్ ద్రవం, మీ కారులోని దానితో కలవదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ జాతిదే.

ఆయిల్ తరువాత ప్యాడ్లు. కారుతో వచ్చినవి చల్లటి ఉదయం ఆఫీసుకు వెళ్ళేటప్పుడు మొదటి సిగ్నల్ దగ్గరే పట్టు చూపేలా తయారైనవి, ట్రాక్ వేడికి కాదు. అలాగని అచ్చంగా రేసు కోసం చేసిన ప్యాడ్లు వేసుకుంటే, అవి వేడెక్కే దాకా సరిగా పట్టవు, కీచుమంటాయి, చక్రాలను నల్లటి పొడితో నింపుతాయి. పిల్లలను బడికి దింపే కారులో వాటిని వాడటం నాకు సమ్మతం కాదు. ఫెరోడో డీఎస్2500 వంటి మధ్యరకం నాకు రెండు పనులకూ సరిపోయింది. కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయడం, అంటే వాటి పదార్థాన్ని డిస్కు మీద సమంగా పట్టించడం, మరచిపోకూడదు: ఖాళీ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల నుంచి 15 దాకా ఎనిమిది పది సార్లు క్రమంగా గట్టిగా తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు, ఆ తరువాత బ్రేకు వాడకుండా పది పదిహేను నిమిషాలు నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్ తయారీదారు మరో పద్ధతి చెబితే దానినే పాటించండి. నేను మొదటిసారి ఈ పని సగంలో వదిలేసి ఎర్ర సిగ్నల్ దగ్గర వేడి బ్రేకు తొక్కిపట్టి నిలబడ్డాను. ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట మచ్చలా అంటుకుని, చాలా నెలలు స్టీరింగ్ వణికింది.

ఈ రెండింటి ఖర్చు మీరు చూస్తున్న కిట్ ధరలో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. నా కారులో ఇవి రెండూ మార్చిన తరువాత థండర్‌హిల్‌లోనే ఇరవై నిమిషాల సెషన్లు నాలుగు పూర్తయ్యే దాకా పెడల్ ఎత్తు మారలేదు.

మరి 340కి ఎందుకు వెళ్ళారని మీరు అడగవచ్చు. టైర్లు మార్చాక వేగం పెరిగింది, దాంతో పాత డిస్కులే సరిపోని స్థితి వచ్చింది. పెద్ద డిస్కు వలన లాభం ముఖ్యంగా రెండు: వేడిని దాచుకునే లోహం ఎక్కువ, ప్యాడ్ పట్టే చోటు ఇరుసుకు దూరంగా ఉంటుంది గనుక అదే ఒత్తిడికి ఎక్కువ తిప్పుబలం వస్తుంది. కాని ఒక్కసారి బ్రేక్ వేస్తే కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు పట్టు మీదే ఆధారపడుతుంది. మామూలు బ్రేకులు కూడా ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పని చేసేంత దాకా చక్రాన్ని పట్టగలుగుతున్నాయంటే, పెద్ద కాలిపర్ ఆ దూరాన్ని తగ్గించలేదు. ఆరు పిస్టన్ల కిట్‌కు బదులు నేను ఫోక్స్‌వాగన్ వారే పర్ఫార్మెన్స్ ప్యాకేజీలో ఇచ్చిన 340 × 30 మిల్లీమీటర్ల డిస్కులను, వాటి కాలిపర్లను, కాలిపర్లను పట్టి ఉంచే క్యారియర్లను తెచ్చుకున్నాను. అవి మన 312 × 25 డిస్కులు ఉన్న బోల్టులకే సరిపోతాయి, పెడల్ ఒత్తిడిని ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్‌తోనూ ఏబీఎస్‌తోనూ ఎలా పనిచేయాలో కంపెనీయే పరీక్షించింది. బయటి కిట్‌లో పిస్టన్ల మొత్తం వైశాల్యం మారితే పెడల్ ప్రయాణం మారుతుంది, ముందు వెనుక బ్రేకుల పాళ్ళు కూడా మారతాయి. ఆ లెక్క చూపించలేని కిట్‌ను నేనైతే కొనను. ఏది కొన్నా చక్రం లోపల కాలిపర్‌కు చోటు ఉందో లేదో ముందు చూడండి. 17 అంగుళాల చక్రాలలో కొన్నింటికి 340 సరిపోదు. డిస్కు వెనుక ఉండే రేకును కూడా మార్చాలి లేదా కత్తిరించాలి.

ఇక గరాజ్ పని. జాకీ మీద నిలబెట్టిన కారు కింద చేయి కూడా పెట్టవద్దు. స్టాండ్లు పెట్టి, కారును చేతులతో ఊపి చూసిన తరువాతే చక్రం విప్పండి. మన కారుకు టీ30 టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్, 7 మిల్లీమీటర్ల అలెన్ కీ, మంచి టార్క్ రెంచ్ తప్పనిసరి. విప్పిన కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగ్‌కు కట్టండి. డిస్కు కూర్చునే హబ్ మీది తుప్పును తీగ బ్రష్‌తో శుభ్రంగా గీకండి. అక్కడ మిగిలిన చిన్న పెచ్చు కూడా డిస్కును వంకరగా కూర్చోబెడుతుంది, అప్పుడు బ్రేక్ వేస్తే పెడల్ కాలి కింద కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. కొత్త డిస్కుల మీద ఉండే నూనె పూతను బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయండి. బిగింపులో అందాజా పనికిరాదు: మన కారు చక్రాల బోల్టులకు 120 న్యూటన్ మీటర్లు, క్యారియర్ బోల్టులకు మాన్యువల్‌లో ఉన్న అంకె. మాన్యువల్ కొత్త బోల్టులు వాడమంటే కొత్తవే వాడాలి.

నేను అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేది బ్రేకు గొట్టాలలో చేరిన గాలి తీయడంలో. మా ఇంట్లో నేను చక్రం దగ్గర, మా తమ్ముడు పెడల్ దగ్గర ఉంటాం. నేను 'తొక్కు' అంటే తొక్కి, 'తొక్కాను' అని తను బదులు పలికిన తరువాతే నేను నిపుల్ (గాలిని, ద్రవాన్ని బయటికి వదిలే కాలిపర్ మీది చిన్న మర) వదులు చేస్తాను, మళ్ళీ బిగించి 'వదులు' అనే దాకా తను కాలు తీయడు. మాటకు మాట బదులు లేకుండా ఈ పని చేస్తే గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి వస్తుంది. పైన డబ్బాలో ద్రవం కనీస గీత కంటే కిందికి ఎప్పుడూ పోకూడదు. డబ్బా ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి చేరుతుంది, దాన్ని తీయాలంటే కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి ఆ యూనిట్ పంపును నడిపించాలి. నిపుల్ కాలిపర్‌కు పై భాగంలో ఉండాలి. నాకు తెలిసిన ఒకరు ఎడమ కాలిపర్‌ను కుడి వైపు బిగించి, నిపుల్ కిందికి వచ్చిన సంగతి గమనించక, రెండు సీసాల ద్రవం పోసినా పెడల్ గట్టిపడక రెండు రోజులు తిప్పలు పడ్డారు. ఒలికిన ద్రవం పెయింట్‌ను తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగండి. వెనుక ప్యాడ్లు కూడా మారుస్తుంటే, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారులో ముందుగా స్కానర్‌తో దాన్ని సర్వీస్ స్థితిలో పెట్టాలి; బలవంతంగా పిస్టన్‌ను నెడితే మోటారు పాడవుతుంది.

మీ తమ్ముడి పోలోకు కూడా నా సలహా ఇదే క్రమం. దానికి వెనుక డ్రమ్ములే ఉన్నాయి గనుక, ముందు మాత్రమే పెద్ద డిస్కులు వేసి పాళ్ళు చెడగొట్టడం నాకు ఇష్టం లేదు. తాజా డాట్ 4 ద్రవం, నమ్మకమైన దుకాణంలో కొన్న అసలైన ప్యాడ్లు, మంచి టైర్లు, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌తో వేగాన్ని అదుపు చేసే అలవాటు ఉంటే ఆయన కారుకు చాలినంత బ్రేకు ఉంటుంది.

పని పూర్తయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పెడల్‌ను గట్టిపడే దాకా పదే పదే తొక్కండి. నేను మొట్టమొదటిసారి ప్యాడ్లు మార్చిన రోజున ఇది మరచిపోయి కారును గరాజ్ నుంచి వెనక్కి తీశాను. లోపలికి నెట్టిన పిస్టన్లు ఇంకా ప్యాడ్లను తాకలేదు గనుక మొదటి తొక్కుకు బ్రేకే లేదు. మా వాకిలి వాలు వీధి వైపే. పార్కింగ్ బ్రేక్ వేసి ఆపాను, ఆ క్షణంలో కాలిబాట మీద ఎవరూ లేరు. అప్పటి నుంచి స్టీరింగ్ మీద 'పెడల్ తొక్కావా' అని రాసిన కాగితం అంటించిన తరువాతే చక్రాలు విప్పుతాను. తరువాత మీ వీధిలోనే నడక వేగంతో నాలుగైదు సార్లు ఆపి చూడండి. సుమారు 80 కిలోమీటర్లు తిరిగాక చక్రాల బోల్టుల బిగింపును మళ్ళీ టార్క్ రెంచ్‌తో సరిచూసి, ప్రతి నిపుల్ చుట్టూ, ప్రతి గొట్టం కీలు దగ్గరా తెల్ల కాగితంతో తుడవండి. కాగితం తడిస్తే కారణం దొరికే దాకా ఆ కారును ట్రాక్‌కు తీసుకువెళ్ళకండి.