కొడుకు అప్పూ, తండ్రి నిద్రా

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేనల్లుడు ఆన్‌లైన్ పందేల్లో పడి లోన్ యాప్‌లలోనూ స్నేహితుల దగ్గరా చేసిన అప్పులను ఇప్పటికి మూడుసార్లు తీర్చావనీ, ఇప్పుడు నాలుగోసారి అడుగుతున్నాడనీ, రాత్రి రెండింటికి కూడా వాడి గదిలో లైటు వెలుగుతూ ఉంటే నీకు కన్ను మూతపడడం లేదనీ రాశావు. వాడిని మార్చే ఉపాయం చెప్పమన్నావు. అది నా దగ్గర లేదు. పదకొండేళ్లు తాగిన కొడుకుతో ఒకే ఇంట్లో నేను ఎలా బతికానో మాత్రం చెప్పగలను.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఎవరో ఇచ్చిన తాగుడు మాన్పించే మాత్రను పొడి చేసి, వాడికి తెలియకుండా పప్పులో కలిపి వడ్డించాను. ఆ సాయంత్రం వాడు బయట తాగి వచ్చి, ముఖమంతా ఎర్రబడి, ఊపిరి అందక, వాంతులు చేసుకుంటూ గడపలోనే కూలబడ్డాడు. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికి వస్తుందనీ, రోగికి చెప్పకుండా ఇవ్వకూడదనీ డాక్టరు మందలించేదాకా నాకు తెలియదు. వాడు కోలుకున్నాడు కానీ, ఆ తరువాత ఏడాదిపాటు నేను వడ్డించిన ముద్దను వాసన చూసి పక్కన పెట్టేవాడు. ముప్పై ఏళ్ల మనిషిని చంటిపిల్లవాడిలా నడిపించబోయినందుకు నాకు పడిన శిక్ష అది.

కాబట్టి నాలుగోసారి అప్పు తీర్చవద్దు. నువ్వు హామీ సంతకం చేయనంతవరకు, వయసు వచ్చిన కొడుకు అప్పు చట్టప్రకారం తండ్రి మెడకు చుట్టుకోదు. వసూలుకు వచ్చేవాళ్లు ఉదయం 8 గంటలకు ముందూ సాయంత్రం 7 గంటల తరువాతా ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వు. తిండికీ, వైద్యానికీ, తలదాచుకునే చోటుకూ లెక్క చూసుకోవద్దు, చేతికి డబ్బు మాత్రం ఇవ్వవద్దు. ఈ మాట నువ్వూ మరదలూ ముందే కూర్చుని ఒప్పుకుని, కోపం లేని వేళ, పగటిపూట, ఇద్దరూ కలిసి చెప్పండి. మా ఇంట్లో నేను కాదన్న వంద రూపాయలను మీ బావగారు పెరటి గుమ్మంలో ఇచ్చేవారు. ఆయన కాదన్నప్పుడు నేను పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చేదాన్ని. మా ఇద్దరి సంగతీ మా కన్నా వాడికే బాగా తెలుసు.

డబ్బు లేదన్నాక వాడు చచ్చిపోతానంటే, ఉత్త బెదిరింపని కొట్టిపారేయకు, అలాగని జడిసి పర్సు తీయకు. పక్కన కూర్చుని, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. పొలానికి తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంటే ఈరోజే తీయించెయ్యి. ఒంటరిగా వదలకుండా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకువెళ్లు. జూదం మానలేకపోవడం వైద్యులు గుర్తించిన జబ్బే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు నీకు కూడా పనికివస్తుంది. ఇక, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్న మాటను మాత్రం గుమ్మం దాటి రానివ్వకు. ఒకరింటి ఆడపిల్లను మనవాడికి మందుగా వాడే హక్కు మనకు లేదు.

శుభకార్యాలకు వెళ్లడం మానేశానని రాశావు. అబ్బాయి ఏం చేస్తున్నాడన్న ఒక్క ప్రశ్నకు జంకి నేనూ నాలుగేళ్లు మానేశాను. చివరికి ఒక వాక్యం తయారుచేసుకుని మా తోటికోడలితో అన్నాను: 'వాడి ఆరోగ్యం బాగోలేదు, చికిత్స జరుగుతోంది, ఇంతకు మించి చెప్పలేను.' ఆవిడ మరో ప్రశ్న వేయలేదు సరికదా, తన కొడుకు సంగతి చెప్పుకుని ఏడ్చింది.

నిద్ర సంగతి కూడా చెబుతాను. గేటు గడియ చప్పుడు కోసం అర్ధరాత్రి దాకా వసారాలో కూర్చునేదాన్ని; వాడు వచ్చిన రోజు కోపంతో, రాని రోజు భయంతో తెల్లవారేది. బీపీ పెరిగి ఒకనాడు కళ్లు తిరిగి పడ్డాక, వాడికో తాళంచెవి ఇచ్చి తొమ్మిదిన్నరకల్లా తలుపు వేసుకోవడం మొదలుపెట్టాను. పది రోజులు ఊరికే దొర్లాను. నేను మేలుకుని ఉన్నందువల్ల వాడు ఏనాడూ ఒక్క గుక్క తక్కువ తాగలేదని లెక్క వేసుకున్నాకే నిద్ర వచ్చింది. నువ్వు కూడా ఆ లైటు కనిపించని గదిలోకి మంచం మార్చుకో.

పెంపకం లోపమని నువ్వూ మరదలూ ఒకరినొకరు అనుకోకండి. మా పెద్దవాడూ వీడూ ఒకే కంచంలో తిని పెరిగారు, పెద్దవాడు ఏనాడూ చుక్క ముట్టలేదు. వీడు మానేసి ఇప్పటికి ఆరేళ్లు, అదీ మధ్యలో రెండుసార్లు జారాక.

వచ్చే శనివారం మీరిద్దరూ రండి. వాడు వస్తానంటే తీసుకురండి. రానంటే, మనసు స్థిమితంగా ఉన్నాడనిపిస్తేనే, అన్నం వండిపెట్టి, బీరువాకు తాళం వేసుకుని బయలుదేరండి.

ఇట్లు,
మీ అక్క